అంచు కొట్టే విద్య

మహాసామ్రాజ్యాలు పగవాళ్ళ చేతిలో కూలిపోయాయని చరిత్రకారులు విస్తారంగా రాశారు. తమ సరిహద్దులను మరీ శ్రద్ధగా చక్కదిద్దుకోవడం వల్ల కొద్దికొద్దిగా తరిగిపోయిన సామ్రాజ్యాల గురించి మాత్రం ఎవరూ రాయలేదు. అందులో యుద్ధం లేదు, ద్రోహం లేదు, రక్తపాతం అసలే లేదు. ఉన్నదల్లా ఒక పార, దాన్ని పట్టుకున్న ఒక నిష్ఠాపరుడు. ఆ లోటును ఒక ఫుట్‌బాల్ మైదానం విషయంలోనైనా పూడ్చడం ధర్మం.

ఆ మైదానం ఒక క్రీడా సంఘానిది. చుట్టూ కంకర బాట, బాట మీద ఉదయం సాయంత్రం నడిచే సభ్యులు, ఒక పక్క రెండంతస్తుల సంఘ భవనం, దానికి ఎదురుగా పనిముట్ల షెడ్డు. సింహాసనం మీద కార్యదర్శి ఉండేవాడు. రాజ్యభారం మేస్త్రి మోసేవాడు. ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, గడ్డి మేస్త్రి. అతడి వయసు అరవైకి దగ్గర పడింది. మోకాళ్ళు మాత్రం అతడికోసం ఆగకుండా ఎప్పుడో డెబ్భై దాటేశాయి.

గడ్డి పెంచడం తేలికని గడ్డి పెంచనివాళ్ళు అనుకుంటారు. దానికి నీళ్ళు పెట్టాలి. ఎక్కువ పెడితే వేళ్ళు సోమరులై పైపైనే ఉండిపోతాయి. కోయాలి, మరీ పొట్టిగా కోస్తే మొదళ్ళు పాలిపోతాయి. ఆటగాళ్ళు తొక్కి తొక్కి గట్టిపరచిన నేలకు ఊపిరాడేందుకు బెజ్జాలు పొడవాలి, ఆ బెజ్జాల్లో ఇసుక చిమ్మాలి, గోలు ముందు బోడిపడిన చోట కొత్త గడ్డి అతకాలి, రోలరు లాగాలి. ఇంత చేశాక ఆ గడ్డి ప్రజలకు కృతజ్ఞత ఉంటుందా అంటే, ఇవాళ తల కోస్తే ఎల్లుండికి మళ్ళీ తల ఎత్తుతారు. ఇన్నేళ్ళ పరిపాలనలో మేస్త్రికి మిగిలింది కోపం కాదు, వైరాగ్యం కూడా కాదు. కుర్చీ కనిపిస్తే, కూర్చున్నాక మళ్ళీ లేవాల్సి వస్తుందన్న సంగతే ముందు గుర్తొచ్చే రకం అలసట.

అయినా అతడికి ఒక వ్యసనం ఉండేది. అది అంచు. గడ్డి ఆగి కంకర మొదలయ్యే చోటు కత్తితో గీసినట్టు ఉండాలి. తాడు బిగించి కట్టి, అర్ధచంద్రం ఆకారపు పారను నిలువుగా దింపి, పైనుంచి కాలితో తొక్కి, కంకర మీదికి చేతులు చాపిన గడ్డిని మట్టితో సహా తెగ్గోసేవాడు. ఈ పనికి మైదానం పనివాళ్ళలో అంచు కొట్టడమని పేరు. మిగతా మూడు వైపులా ఏడాదికొకసారి, అదీ మనసైతే. భవనం వైపు మాత్రం నెలనెలా, తప్పకుండా. ఎందుకంటే కార్యదర్శి మేడ మీది వరండాలో కాఫీ తాగుతూ చూసేది ఆ వైపే. అంచు కొట్టిన మర్నాడు ఆయన బాట మీద ఆగి, చేతికర్రతో ఆ గీతను చూపించి, వెంట ఉన్నవాళ్ళతో "ఇదీ క్రమశిక్షణంటే" అనేవాడు. ఆ ఒక్క మాట మీద మేస్త్రి మోకాళ్ళు ఇంకో నెల నడిచేవి.

ఆ ఏడు వానలకు ముందు రెండు వార్తలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని వచ్చాయి. మొదటిది: ఆ మైదానం లీగు పోటీలకు పనికొస్తుందో లేదో కొలిచి చూడడానికి వానాకాలం చివర ఒక అధికారి వస్తారు. రెండోది: సంఘం వారి బల్ల మీద ఒక ప్లాస్టిక్ గడ్డి ముక్క వెలిసింది. అది నీళ్ళడగదు, పెరగదు, తల ఎత్తదు. ఆదర్శ ప్రజలు ఎలా ఉండాలో అలా ఉంది. సంఘం వారు తీర్మానించారు: కొలతల్లో నెగ్గితే పాత గడ్డి, తప్పితే ప్లాస్టిక్. నెగ్గిన పక్షంలో ఏడాది చివర మేస్త్రి విశ్రాంతి తీసుకుంటాడు. కోత యంత్రం నడిపే అతడి బావమరిది మేస్త్రి అవుతాడు. తప్పిన పక్షంలో ఇద్దరితోనూ పని ఉండదు.

ఈ తీర్మానం ఆ సాయంత్రం మేస్త్రి ఇంట్లో మరో సభలో చర్చకు వచ్చింది.

"ప్లాస్టిక్ వేస్తే మా తమ్ముడేం చేస్తాడు?" అంది భార్య.

"ఇప్పుడు మాత్రం ఏం చేస్తున్నాడు? యంత్రం నడుస్తుంది, వాడు దాని వెనకాల నడుస్తాడు."

"మీకు వేళాకోళంగానే ఉంటుంది. పని పోతే అద్దె ఎక్కడ కడతాడు? పెళ్ళాం పిల్లలతో మనింటికే వస్తాడు."

మేస్త్రి ఇంటిని ఒకసారి కలయజూశాడు. ఉన్నవి రెండు గదులు. వంటింటిని గదిగా లెక్కపెట్టడానికి భార్య ఎప్పుడూ ఒప్పుకోలేదు.

"వాడి గురక నువ్వు మర్చిపోయినట్టున్నావు," అన్నాడు.

"నేను మర్చిపోలేదు. మీరు గుర్తుపెట్టుకోండి."

అంతవరకు, నిజం చెప్పాలంటే, మేస్త్రికి ప్లాస్టిక్ గడ్డి మీద అంత ద్వేషం లేదు. పెరగని గడ్డి అన్న ఊహ అలిసిపోయినవాడికి స్వర్గవర్ణనలా వినిపిస్తుంది. కాని ఆ సాయంత్రం నుంచి అతడు పచ్చగడ్డి పక్షం వహించక తప్పలేదు.

మర్నాడే బావా బావమరుదులిద్దరూ టేపు పట్టుకుని బయల్దేరారు. లీగు వారి నియమాల్లో ముఖ్యమైనది ఒకటుంది: ఆట గీతకు అవతల, ఆటగాడు జారిపడినా కంకర మీద పడకుండా, నాలుగు అడుగుల మేర బతికున్న గడ్డి ఉండాలి. మూడు వైపులా ఉంది. భవనం వైపు మూరెడు తక్కువైంది.

"బావా, ఇంకోసారి లాగు. టేపు మడతపడిందేమో," అన్నాడు బావమరిది.

మళ్ళీ లాగారు. మళ్ళీ మూరెడు తక్కువ.

"గీత బయటికి జరిగిందేమో."

"గీత గోలు స్తంభాల్నించి కొలిచి వేస్తాం. స్తంభాలు సిమెంటులో ఉన్నాయి. అవి ఎక్కడికెళతాయి?"

బావమరిది తల గోక్కున్నాడు. అతడి చూపు కంకర బాట మీద చిన్న మడుగులో ఉన్న నీళ్ళు చిమ్మే మర మీద పడింది. ఆ మర రెండు మూడేళ్ళుగా నడిచేవాళ్ళ ప్యాంట్లు తడుపుతోంది. దాని మీద ఫిర్యాదులు చాలా వచ్చాయి. భూమిలో గొట్టాలు కాలక్రమాన జరుగుతాయని కార్యదర్శి ఒక శాస్త్రీయ అభిప్రాయం వెలిబుచ్చాక అవి ఆగిపోయాయి.

"ఇది మొదట్లో ఎక్కడుండేది బావా?"

"ఎక్కడుంటుంది? గడ్డిలో. అంచుకి జానెడు లోపల నేనే పాతాను."

అనేసి మేస్త్రి ఆగిపోయాడు. తరవాత మెల్లిగా, ఒక మోకాలి తరవాత ఇంకో మోకాలు నేలకు ఆనించి, మర పక్కన కంకర తోడాడు. కంకర కింద మెత్తటి నల్లమట్టి తగిలింది. జల్లెడ పట్టి, ఇసుక కలిపి, గడ్డి కోసం తను పోయించిన మట్టి అది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. దొంగ దొరికాడు. ఇన్నేళ్ళూ పార పట్టుకుని అందరి ఎదుటా, మెప్పులు పొందుతూ, నెలకొక సన్నటి పేలిక చొప్పున మైదానాన్ని ఎత్తుకుపోయాడు. గడ్డి చాపిన చేతుల్ని మాత్రమే నరుకుతున్నాననుకున్నాడు. పార పడిన ప్రతిసారీ భుజం కూడా కొంచెం తెగుతూ వచ్చింది. ఖాళీ అయిన చోటికి కంకర దొర్లుకుంటూ వచ్చి కాపురం పెట్టింది. బాట విశాలమైనందుకు నడిచేవాళ్ళు కార్యదర్శిని ఒకసారి అభినందించారు కూడా. ఆయన వినయంగా స్వీకరించాడు.

బావమరిది ఆకాశం వైపు చూశాడు. ఆ చూపు మేస్త్రికి నచ్చలేదు.

"నీకు ముందే తెలుసా?"

"ఏది?"

"ఆకాశం వైపు కాదు, ఇటు చూసి చెప్పు."

"అంటే... ఈ పక్క చివర ఒక పట్టీ ఉండేది కదా బావా, యంత్రం తిప్పుకుని దాని కోసం మళ్ళీ రావాల్సి వచ్చేది. అది సన్నబడుతూ వచ్చింది. కొన్నాళ్ళకి సగమైంది. తరవాత అసలు లేకుండా పోయింది."

"మరి నాతో ఒక్క ముక్క అనలేదే?"

"పని పెరిగితే చెబుతాం గాని, తగ్గితే ఎవరైనా చెప్తారా? నువ్వైతే చెప్పేవాడివా?"

మేస్త్రి నిజాయితీగా ఆలోచించి, లేవడానికి చెయ్యి చాపాడు. బావమరిది లేవదీశాడు.

"ఇప్పుడేం చేద్దాం?"

"ఏమీ చెయ్యొద్దు."

"చేతులెత్తేస్తావా?"

"అది కాదురా. ఏమీ చెయ్యకపోవడమే చెయ్యాలి. ఇది గరిక. దానికి కాళ్ళున్నాయి. వానాకాలం రెండు నెలలు పార తగలకపోతే, తీగలు పాకి, కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ, పోయిన చోటికి అదే నడిచివస్తుంది. కంకర మీద కాస్త మట్టీ ఇసుకా చల్లుదాం. మిగతాది దాని ఇష్టం."

"కార్యదర్శికి చెబుదామా?"

"మైదానాన్ని మేస్త్రే కొరుక్కుతిన్నాడని తెలిస్తే ఆ ప్లాస్టిక్ ముక్క రేపే పరుస్తారు. నోరు మూసుకో."

ఆ విధంగా మేస్త్రి జీవితంలో అతి కఠినమైన పని మొదలైంది. కష్టపడడం అలవాటైనవాడికి ఊరుకోవడం నేర్పడం, మాటకారిచేత మౌనవ్రతం చేయించడం లాంటిది. మొదటి వానలు పడ్డాయి. గరిక ముందు సందేహించింది. ఇన్నేళ్ళూ తల బయటపెట్టినప్పుడల్లా పార దిగిన జ్ఞాపకం ఉన్నట్టు. తరవాత ఒక తీగ, దాని పక్కన ఇంకో తీగ, లేతగా, ఎర్రటి మొనలతో, కంకర మీదికి దిగాయి. అంచు గీత ముందు బొచ్చుబొచ్చుగా మారింది. ఆపైన చింపిరి జుట్టులా అయింది. అటు చూసినప్పుడల్లా మేస్త్రికి ఎవరో తన చొక్కా గుండీలు తప్పుగా పెట్టినట్టు ఒళ్ళంతా ఇబ్బందిగా ఉండేది. షెడ్డులోకి వెళ్ళేవాడు, పార పిడి పట్టుకునేవాడు, వదిలేసి బయటికొచ్చేవాడు. సాయంత్రానికి, అంచు కొట్టిన రోజుల కన్నా ఎక్కువ అలిసిపోయి ఇంటికి చేరేవాడు.

"ఇవాళేం చేశారు?" అని భార్య అడిగితే, "ఊరుకున్నాను" అనేవాడు.

"దానికింత మొహం వేలాడేసుకోవాలా?"

"నువ్వు ఒక రోజు అంట్లు తోమకుండా వాటిని చూస్తూ కూచో. అప్పుడు తెలుస్తుంది."

కార్యదర్శి మొదట ఓపిక పట్టాడు. రెండో వారంలో దగ్గాడు. మూడో వారంలో బాట మీద ఆగి, చేతికర్రతో ఒక గరిక తీగను ఎత్తి చూపించాడు.

"ఏంటి మేస్త్రీ ఇది? అంచుకి గడ్డం మొలిచింది. కొలతల వాళ్ళొచ్చే టైముకి ఇదా మనం చూపించేది?"

ఇక్కడ మేస్త్రి ఒక చిన్న అబద్ధం ఆడాడు. అబద్ధం అనడం కూడా అన్యాయమే. అది సమయానికి వాడుకున్న నిజం.

"మోకాళ్ళు సార్. వంగలేకపోతున్నాను."

కార్యదర్శి మొహం కరిగిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, ఉంటే పని ఇంత చెడేది కాదు. మేస్త్రి మోకాళ్ళు ఆ వారమే సంఘం మొత్తానికి సంబంధించిన విషయమైపోయాయి. నడిచేవాళ్ళలో ఒకరు లేపనం తెచ్చిచ్చారు. ఒకరు గుర్రపు నాడా ఆకారంలో ఉన్న దిండు ఇచ్చారు. రిటైరైన ఎముకల డాక్టరు బాట పక్కన నిలబెట్టి, కాలు ముడిచి చాపమని, "లోపల టపటపమంటోందా?" అని అడిగి, అవునంటే సంతోషించాడు. పళ్ళ డాక్టరు కూడా తన అభిప్రాయం చెప్పాడు. మేస్త్రి అందరికీ తల ఊపాడు. ఇంతలో గరిక ఎవరి సలహా లేకుండా రోజుకింత ముందుకు పాకుతూ, వేళ్ళు దించుకుంటూ, వానాకాలం చివరికి పోగొట్టుకున్న మూరెడూ తిరిగి తీసుకుంది. మేస్త్రి, బావమరిది ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు టేపు పెట్టి చూశారు. నాలుగు అడుగులు నిండాయి, ఇంకా వేలెడు మిగిలింది.

"బావా, నువ్వు ఏమీ చెయ్యకపోవడంలో కూడా గట్టివాడివే," అన్నాడు బావమరిది.

"నోరు మూసుకోమన్నాను కదా. ఇంకా సోమవారం రాలేదు."

అధికారి సోమవారం రావాలి. శనివారం కార్యదర్శి మేస్త్రిని పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు నువ్వు రావద్దు, మీ బావమరిదీ రావద్దు. హాయిగా పడుకో. ఇది నా ఆజ్ఞ." మేస్త్రికి కళ్ళు చెమర్చినంత పనైంది. సెలవు రోజున విశ్రాంతి తీసుకోమని తనకింతవరకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకున్నాడు. అన్నం తిన్నాక మళ్ళీ నడుం వాల్చాడు. మధ్యాహ్నం ఎండ చురుక్కుమనేసరికి లేచి కూర్చున్నాడు. "గోలు ముందు అతికిన గడ్డికి కాసిన్ని నీళ్ళు పెట్టొస్తాను," అన్నాడు.

"ఆజ్ఞ అన్నారుగా," అంది భార్య.

"ఆజ్ఞ నాకు. ఎండకి కాదు."

గేటులోంచే నవ్వులు వినిపించాయి. బాట మీద సంఘ సభ్యులు పాతికమంది దాకా ఉన్నారు. టోపీలు, చేతులకు తొడుగులు, కొత్తగా కొన్న పారలు. పళ్ళ డాక్టరు చొక్కా విప్పి భుజాన వేసుకున్నాడు. కార్యదర్శి మోచేతుల దాకా మట్టితో, పెళ్ళిపెద్దలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. భవనం వైపు మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా తాడు కట్టి ఉంది. తాడు పక్కన అంచు మెరుస్తోంది: నిలువుగా, నల్లగా, నిర్దాక్షిణ్యంగా. ఇన్నేళ్ళలో మేస్త్రి కొట్టిన ఏ అంచూ దానికి సాటి రాదు. పాత అంచు ఎక్కడుందో మట్టి ఎత్తు చూసి కనిపెట్టి మరీ సరిగ్గా అక్కడే దింపారు.

"వచ్చేశావా," అన్నాడు కార్యదర్శి. "నిన్ను రేపు ఆశ్చర్యపరుద్దామనుకున్నాం. నీ మోకాళ్ళ కోసం, నీ గౌరవార్థం, మేమందరం కలిసి అంచు కొట్టాం. ఎలా ఉంది?"

అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి అంచు చూశాడు. దానికి అవతల కొత్తగా పోసి చదును చేసిన కంకర చూశాడు. తరవాత షెడ్డు దగ్గర వరసగా నిలబెట్టిన మూడు తోపుడు బళ్ళు, వాటి నిండా వేళ్ళతో సహా మడతలు పెట్టిన పచ్చటి గడ్డి పలకలు చూశాడు. మనిషి అలసటకు కూడా అడుగు ఉంటుందని అంతవరకు అతడి నమ్మకం.

"రెండు మాటలు మాట్లాడు మేస్త్రీ," అన్నారెవరో.

ఊరుకోవచ్చు. ధన్యవాదాలని చెప్పి, వాళ్ళిచ్చే టీ తాగి ఇంటికెళ్ళిపోవచ్చు. రేపు ఆ అధికారి టేపు లాగి మూరెడు తక్కువంటే, సంఘమే కోసింది కదా, తనకేం సంబంధం? ఇన్నేళ్ళ పాపం ఈ పాతికమంది చేతుల మట్టిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్ వస్తుంది. తను కూర్చుంటాడు. బావమరిది పెట్టెలు పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు.

"సార్," అన్నాడు. "ముందు ఆ బళ్ళు ఎటూ తీసుకెళ్ళకండి. వాటి మీద నీళ్ళు చల్లాలి."

"ఆ చెత్త మీదా?"

"అది చెత్త కాదు సార్. రేపటి కొలతలో మనకి కావలసిన మూరెడు అదే."

తరవాత చెప్పాడు. గొప్పగా చెప్పలేదు; నిలబడే ఓపిక లేక ఒక బండి పిడి మీద ఆనుకుని, మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు. గీత, నాలుగు అడుగులు, కంకరలోకి వచ్చిన నీళ్ళ మర, దాని పక్కన తేలిన నల్లమట్టి. నెలనెలా తను కోసుకుంటూ వచ్చిన సంగతి. మోకాళ్ళు నిజంగానే నొప్పే గాని, రెండు నెలలూ పార పట్టనిది అందుకు కాదన్న సంగతి.

కార్యదర్శి అంచు వైపు చూశాడు, తరవాత మేడ మీద తన వరండా వైపు చూశాడు.

"ఈ పక్కే ఎందుకు తగ్గింది? మిగతా పక్కలు బానే ఉన్నాయంటున్నావు."

"మిగతా పక్కలు ఎవరూ చూడరు కదా సార్."

ఆయనకు ఆ మాట దిగడానికి కొంచెం సమయం పట్టింది. దిగాక, చేతికర్ర బాట పక్కన పెట్టి, తొడుగులు మళ్ళీ వేసుకున్నాడు.

"తిరిగి పెట్టొచ్చా?"

"వేళ్ళు ఎండకపోతే పెట్టొచ్చు. ముందు ఈ కొత్త కంకర తోడెయ్యాలి."

పొద్దున కోసిన సైన్యమే సాయంత్రం అతికింది. విజయోత్సాహంతో చేసిన పనిని పశ్చాత్తాపంతో తిరగెయ్యడం ఎంత కష్టమో, అందులో ఎన్ని నడుములు పడతాయో వర్ణించడానికి మాటలు చాలవు. ఎవరో పిలిస్తే బావమరిది కూడా వచ్చాడు. కంకర తోడారు, మట్టి కదిపారు, గడ్డి పలకలను గోడలో ఇటుకల్లా ఒకదానికొకటి ఆనించి పరిచారు, సందుల్లో ఇసుక కూరారు, చెక్కపలక వేసి తొక్కారు. పళ్ళ డాక్టరు ఒక పలకను తలకిందులుగా పెట్టాడు.

"డాక్టరుగారూ, వేళ్ళు కిందికి," అన్నాడు బావమరిది. "పన్నైనా అంతే కదండీ?"

చీకటి పడే వేళకు అంతా ముగిసింది. భవనం వైపు అంచు, పేదవాడి చొక్కా మోచేతిలా, అతుకులమయంగా ఉంది. ఎవరూ దాన్ని మెచ్చుకోలేదు.

సోమవారం వచ్చిన అధికారి ఒక నడివయసు స్త్రీ. ఆమె చేతిలో కొలతల చక్రం, భుజాన సంచి, మొహంలో మేస్త్రి అద్దంలో రోజూ చూసుకునే రంగు. అంతకు ముందు వారమంతా ఆమె మైదానాలు కొలుస్తూనే ఉందట. మూడు వైపులా చక్రం దొర్లించి, నాలుగో వైపుకు వచ్చి ఆగింది. చక్రం నాలుగు అడుగులు చూపించింది. ఆమె కింద కూర్చుని ఒక పలక కొసను రెండు వేళ్ళతో లాగింది. అది దుప్పటి కొసలా తేలిగ్గా లేచి వచ్చింది.

"ఇది నిన్న వేసిందా?"

"అబ్బే, ఇది చాలాకాలం నుంచి..." అని కార్యదర్శి మొదలుపెట్టాడు.

"నిన్ననే మేడమ్," అన్నాడు మేస్త్రి. "కాని నిన్న పొద్దుటి దాకా ఇక్కడే ఉంది."

"మధ్యలో ఎక్కడికెళ్ళింది?"

"తోపుడు బండిలోకి."

ఆమె కార్యదర్శి వైపు చూసింది. ఆయన బొబ్బలెక్కిన తన అరచేతులను పరిశీలించుకుంటున్నాడు. పలకను మళ్ళీ సర్ది, బూటుతో రెండుసార్లు తొక్కి, లేచింది.

"బతికున్న గడ్డి ఉండాలని మా రూలు. ఇది బతుకుతుందా మేస్త్రిగారూ?"

"ఇవాళైతే బతికే ఉంది. పొద్దునా సాయంత్రం నీళ్ళు పెట్టి, ఎవరూ తొక్కకుండా చూస్తే వేరు పడుతుంది. అంచు మాత్రం ఏడాది పాటు పారతో ముట్టుకోకూడదు. వెంట్రుకల్లా వేలాడేవి కత్తెరతో కత్తిరించుకోవాలి."

"ఇంత పొడుగూ కత్తెరతోనా?"

"అవును మేడమ్. మొదట్నించీ అలాగే చేసుండాల్సింది."

ఆమె కొంతసేపు మైదానం వైపు చూసింది. కార్యదర్శి చేతికర్ర మీద బరువు మార్చుకున్నాడు.

"సరే," అంది. "నెగ్గినట్టే. కాని రెండు షరతులు. ఇది వేరు పట్టేదాకా పోటీలు లేవు. రెండోది, ఈ అంచు ఏడాది పాటు ఒక్క మనిషి చేతిలోనే ఉండాలి. చేతులు మారితే నేను పూచీ తీసుకోను. ఎవరి చేతిలో ఉంటుంది?"

కార్యదర్శి, బావమరిది ఇద్దరూ ఒకేసారి మేస్త్రి వైపు తిరిగారు. అతడు మైదానం వైపు తిరిగాడు. అటువైపు ఎవరూ లేరు.

"నా చేతిలోనే మేడమ్," అన్నాడు.

ఆమె సంచి భుజాన సర్దుకుని, ఇంకో మైదానం ఉందని వెళ్ళిపోయింది. ప్లాస్టిక్ ముక్కను ఆ సాయంత్రమే కార్యదర్శి బల్ల మీంచి తీయించి, భవనం మెట్ల దగ్గర కాళ్ళు తుడుచుకోవడానికి వేయించాడు. అది ఆ పదవిలో చాలా చక్కగా రాణించిందంటారు.

"అంటే నా పట్టాభిషేకం ఏడాది వాయిదా," అన్నాడు బావమరిది, గొట్టం చుట్ట విప్పుతూ.

"తొందరగా ఉంటే ఇప్పుడే తీసుకో. కత్తెర షెడ్డులో ఉంది."

"వద్దులే బావా. పెద్దవాడివి, నువ్వుండగా బాగుండదు."

మేస్త్రి ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. అతడు లోపలికి రాకుండా మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

"ఏమైంది? నెగ్గిందా?"

"నెగ్గింది."

"మా తమ్ముడి పని?"

"ఉంటుంది."

"మరి ఆ మొహమేంటి?"

"ఏడాది నేనే ఉండాలట. మోకాళ్ళ మీద, కత్తెర పట్టుకుని."

ఆమె లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. అప్పటికి అతడు గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు. లేపితే మళ్ళీ లేవాల్సి వస్తుందని, ఆమె గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది.